తీసివేతల మేస్త్రి

మెకానిక్కు షెడ్డు అన్నాక బండి విప్పడం, మళ్ళీ బిగించడం, తీరా అంతా అయ్యాక ఒక నట్టో వాషరో చేతిలో మిగిలిపోవడం మామూలే. తక్కిన మెకానిక్కులు అలా మిగిలినదాన్ని చూసి నాలుక కరుచుకుంటారు, అటూ ఇటూ చూసి జేబులో వేసుకుంటారు, ఆ బండివాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కకపోతే చాలనుకుంటారు. మన మేస్త్రి ఆ బాపతు కాదు. అతనికి సిగ్గంటూ ఉండి ఉంటే ఈ కథే లేదు.

మొదటిసారి మిగిలింది ఒక మోటారు సైకిలు నట్టు. బండి తాలూకు మనిషి అప్పటికే కిక్కు కొట్టి సందు చివరిదాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాడు. మేస్త్రి నట్టును గుప్పిట్లో దాచేశాడు. ఆ మనిషి బండి దిగుతూనే వచ్చి మేస్త్రి చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

"ఏం చేశారు మేస్త్రీ దీన్ని? కొన్ననాడు కూడా ఇంత హాయిగా నడవలేదు!"

మేస్త్రి మెల్లగా గుప్పిట తెరిచి నట్టు చూపించాడు. "ఇది అక్కర్లేదండీ. తీసేశాను" అన్నాడు, ముందునుంచీ అదే తన ఉద్దేశం అయినట్టు.

పక్కనే పీట వేసుకుని కిరసనాయిలు పళ్ళెంలో సామాను కడుగుతున్న మేస్త్రి భార్య ఆ మాట విని నోరు తెరిచింది. తన మొగుడు ఇంత పచ్చి అబద్ధం ఇంత తొణక్కుండా ఆడగలడని ఆమెకు పెళ్ళయిన ఇన్నాళ్ళకు తెలిసింది.

ఆ షెడ్డులో విప్పడం ఆయన పని, కడగడం ఈమె పని. ఆయన విప్పిన ప్రతి ముక్కనీ ఆమె విప్పిన వరసలోనే పాత దుప్పటి మీద పేర్చేది. ఒక్కొక్కటే తీసి కిరసనాయిల్లో ముంచి, బ్రష్షుతో జిడ్డు వదిలించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేది. ఆయన చివరినుంచి మొదటికి బిగించుకుంటూ రావాలి. కడగని సామాను తన షెడ్డులో ఉండటానికి వీల్లేదని ఆయనకొక పంతం. కడగడానికి మాత్రం ఆయన చెయ్యి ఎన్నడూ పళ్ళెం దాకా రాలేదు.

మిగిలిపోయిన ఆ నట్టూ ఆమె కడిగినదే. దాన్ని మళ్ళీ తుడిచి ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసింది. ఆ సాయంత్రం వడ్డిస్తూ ఉంటే ఆమె చిటికెన వేలు దానంతటదే బిగుసుకుపోయి గరిటెను వదల్లేదు. తిమ్మిరెక్కి ఉంటుందిలే అనుకుంది.

పొగడ్త రుచి మరిగిన మనిషి ఊరుకుంటాడా? ఆ మర్నాటినుంచి మేస్త్రి ఏది బాగుచేసినా ఏదో ఒకటి తీసేయడం మొదలుపెట్టాడు. కుక్కరు విజిలు తీసేశాడు, కుక్కరు కూసింది. గొడుగు కడ్డీలు తీసేశాడు, గొడుగు నిటారుగా నిలబడింది. ఎవరైనా అనుమానంగా చూస్తే, "అది అక్కర్లేదండీ" అనేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆయనకు తీసివేతల మేస్త్రి అని పేరు పెట్టారు. అది ఎగతాళి అనుకోకుండా ఆయన దాన్ని బోర్డు మీద రాయించుకున్నాడు.

అంతలో మంగలి తన సెలూన్లోని ఫ్యాను పట్టుకొచ్చాడు, గాలి రావడం లేదని. మేస్త్రి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి రెక్కలు మూడూ ఊడబీకాడు. మంగలి లబలబలాడాడు.

"రెక్కలు లేకపోతే అది ఫ్యాను ఎలా అవుతుంది మేస్త్రీ? గుంజ అవుతుంది!"

"తగిలించి చూడు. తరవాత మాట్లాడు" అన్నాడు మేస్త్రి.

సెలూన్లో తగిలించి స్విచ్చి వేశారు. మొండి మోటారు నుంచి గాలి బయల్దేరింది. గోడ మీద క్యాలెండరు ఎగిరిపడింది. కుర్చీలో కూర్చున్న ఆసామీ గడ్డం మీది నురగ లేచి అద్దానికి అతుక్కుంది. మంగలి చేతిలోంచి కత్తి జారి కింద పడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కు మీద వేలేసుకుని, ఆ వేలు తీయడం మరిచిపోయి అలాగే ఇళ్ళకు వెళ్ళారు. రెక్కలు స్విచ్చి వెయ్యకముందే, ఎప్పటిలాగే, మేస్త్రి భార్య దగ్గరికి వచ్చాయి. అప్పటికే ఆమె వాటిని కడిగి అటక మీద పెట్టేసింది.

తరవాత బజారు మధ్యలో ఉన్న పెద్ద గడియారం. అది ఎప్పుడూ ఆలస్యమే. మేస్త్రి నిచ్చెన వేసుకుని ఎక్కి దాని లోలకం తీసి చంకన పెట్టుకుని దిగాడు. లోలకం లేని గడియారం ఆ రోజునుంచి రవ్వంత తేడా లేకుండా గంటలు కొట్టింది. చేతి గడియారంతో సరిపోల్చి చూసిన రిటైర్డు మాస్టారు ఉన్నపళంగా మెట్ల మీద కూలబడ్డారు. ఆయన్ను లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

అన్నిటినీ మించింది బస్సు. ఊరి చివర ఎత్తు రోడ్డు ఎక్కలేక అది రోజూ సగంలో ఆగిపోయేది. మేస్త్రి బానెట్టు తెరిచి చూసి, "ఇంత బరువు మోసుకు తిరిగితే ఎక్కడెక్కుతుంది పాపం" అని, గొలుసులు వేసి ఇంజనే పైకి లాగేశాడు. డ్రైవరు బిక్కచచ్చిపోయాడు.

"నా పొట్ట కొట్టకండి సార్! ఇంజను లేకుండా బస్సేమిటి సార్!"

"నువ్వు స్టీరింగు పట్టుకో. తక్కినది బస్సు చూసుకుంటుంది."

మర్నాడు ఇంజను లేని బస్సు చప్పుడు లేకుండా కదిలింది. ఎత్తు రోడ్డు మీద జర్రున పాకింది. లోపలి జనం కేకలు పెట్టారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టడం కూడా మరిచి నిలువుగుడ్లేసుకుని కూర్చున్నాడు. పైకి చేరాక దిగిన ప్రయాణికులు బస్సు కిందికి వంగి చూశారు, ఎవరైనా మోస్తున్నారేమోనని. ఎవరూ కనబడలేదు.

కనబడకపోవడమేం, ఆ మోసే మనిషి షెడ్డు వెనక సలుపుతున్న మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. కాకపోతే ఆ సంగతి ఆమెకే తెలియదు.

ముందురోజు ఇంజను కడగడానికి ఆమెకు ఒక పగలంతా పట్టింది. ఆనాటినుంచి ఒళ్ళు హూనమైపోయింది. ఉన్నట్టుండి పిక్కలు పట్టేసేవి, కొండ ఎక్కినట్టు. కూర్చున్నచోటే ఆయాసం వచ్చేది. అది సాయంత్రం సెలూను మూసేదాకా తగ్గేది కాదు. తల దానంతటదే కుడికీ ఎడమకీ ఊగేది. "ఏమిటి వదినా, ఏం అడిగినా కాదు కాదంటావు?" అని పక్కింటావిడ నవ్వేది. మేస్త్రి కంగారుపడి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నీరసం అన్నాడు. మేస్త్రి టానిక్కు కొని, రోజూ తనే మూత తీసి చెంచాలో పోసి ఇచ్చేవాడు. ప్రేమ లేని మనిషని అతన్ని ఎవరూ అనలేరు. కళ్ళు లేని మనిషి, అంతే.

ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చింది. అదే రోజు దర్జీ కుట్టు మిషను వచ్చింది. మేస్త్రి అలవాటు ప్రకారం కింద కాలితో తొక్కే పలక ఊడదీశాడు. "నువ్వు పడుకో వదినా, ఈ ఒక్క ముక్కా నేను కడిగి పెడతాలే" అని పక్కింటావిడ పీట మీద కూర్చుంది. మర్నాడు దర్జీ మిషను తీసుకుపోయి ఎదురుగా తన కొట్లో పెట్టుకున్నాడు. పలక లేని మిషను టకటకా కుట్టేస్తుంటే దారినపోయేవాళ్ళు ఆగి నోళ్ళు వెళ్ళబెట్టారు.

సరిగ్గా అప్పుడే పక్కింటావిడ గోడ అవతలనుంచి గొల్లుమంది.

"వదినా! ఓ వదినా! ఇటు రా! ఈ మాయదారి కాలు చూడు!"

జ్వరం ఒంటితోనే వెళ్ళింది మేస్త్రి భార్య. పక్కింటావిడ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. కుడి పాదం నేల మీద టపటపా కొట్టుకుంటోంది. రెండు చేతులతో అదిమి పట్టినా ఆగడం లేదు. అంతలో ఠక్కున ఆగింది. "హమ్మయ్య" అందావిడ. మళ్ళీ టపటపా మొదలైంది.

మేస్త్రి భార్య కిటికీలోంచి ఎదుటి కొట్లోకి చూసింది. దర్జీ మిషను ఆపి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే కాలు ఆగి ఉంది. దర్జీ మళ్ళీ గుడ్డ కింద పెట్టి కుట్టడం మొదలుపెట్టాడు. కాలు కదిలింది. దర్జీ ఆపాడు. కాలు ఆగింది. ఆమెకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. జ్వరం ఎటు పోయిందో తెలియలేదు.

ఒక్క పరుగున షెడ్డుకు వెళ్ళి ఆ పలక తెచ్చి, "ఇది పొరపాటున మా దగ్గర ఉండిపోయింది బాబూ" అని దర్జీ కాళ్ళ దగ్గర కూర్చుని తనే తగిలించింది. తిరిగి వచ్చేసరికి పక్కింటావిడ రెండు పాదాలూ చాపుకుని వాటిని నమ్మలేనట్టు చూసుకుంటోంది.

అక్కణ్ణుంచి తిన్నగా సెలూనుకు వెళ్ళింది. ఆడమనిషి అలా లోపలికి దూసుకొచ్చేసరికి మంగలి బిత్తరపోయాడు.

"అన్నయ్యా, ఒక్కసారి ఆ ఫ్యాను ఆపు."

ఆపాడు. ఎన్నో వారాల తరవాత పట్టపగలు ఆమె గుండెల నిండా గాలి దిగింది.

"మళ్ళీ వెయ్యి."

వేశాడు. గాలి సెలూనంతా చుట్టింది, ఆమె ఊపిరి మాత్రం గొంతులో ఆగిపోయింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.  రెక్కల పని ఎవరు చేస్తున్నారో, లోలకం పని ఎవరు చేస్తున్నారో, బస్సును రోజూ ఎత్తు రోడ్డు మీదికి ఎవరు నెడుతున్నారో ఆమెకు అప్పుడు తెలిసింది. తీసేసిన ముక్క చేసే పని ఎక్కడికీ పోలేదు. ఆ ముక్కను ఏ చెయ్యి ఆఖరున కడిగిందో ఆ ఒంట్లోకి వచ్చి కూర్చుంది.

మొగుడితో చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. మేస్త్రి అంతా విని పకపకా నవ్వాడు.

"పని చేసేది మిషనైతే ఆయాసం నీకెందుకొస్తుందే? టానిక్కు సరిగ్గా తాగుతున్నావా?"

"నాతో సెలూను దాకా రండి. మీ కళ్ళతో మీరే చూద్దురు గాని."

"రేపు చూద్దాంలే. ఇవాళ నాకు ఊపిరాడటం లేదు" అన్నాడు, ఊపిరి నిండా ఉన్న మనిషి. "ఇంతకీ అసలు సంగతి విను. నీళ్ళ ఆఫీసు పెద్దాయన స్వయంగా వచ్చాడు. ఊరంతటికీ నీళ్ళు తోడే పంపు ఉందే, దాని సంగతి నన్నే చూడమన్నాడు. అందులో ఒక చక్రం ఉంది, మనిషంత ఎత్తు. చూడగానే తెలిసిపోయింది నాకు, అది అక్కర్లేదు. రేపు అందరి ముందూ తీసేస్తున్నాను."

 ఊరు మొత్తానికి, ఇంటింటి కుళాయికీ నీళ్ళు ఎత్తే చక్రం! బస్సుకే మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ చక్రం కడిగిందంటే సాయంత్రానికి తను మిగలదు. బతిమాలింది, కోప్పడింది, అన్నం మానేసింది. మేస్త్రి మూతి ముడుచుకుని, "నాకు పేరొస్తుంటే నీకు కంటగింపుగా ఉన్నట్టుంది" అన్నాడు.  ఏం చెయ్యాలో ఆమె అప్పుడే తేల్చుకుంది.

మర్నాడు పొద్దున్నే పంపు హౌసు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. సిమెంటు నేల, ఎత్తు కిటికీలు, మధ్యలో పచ్చరంగు వేసిన పంపు, గోడకు పెద్ద స్విచ్చి. మేస్త్రి స్పానర్లతో కలబడి, గొలుసులు వేసి, ఆ చక్రాన్ని బయటికి లాగాడు. నేల మీదికి దింపుతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. పెద్దాయన మొహం పాలిపోయింది.

"మేస్త్రీ, ఇది తీస్తే లోపల ఏం మిగిలిందయ్యా?"

"చల్లని నీళ్ళు మిగులుతాయి. చూస్తూ ఉండండి" అని మేస్త్రి పళ్ళెం, బ్రష్షు, కిరసనాయిలు డబ్బా పెళ్ళాం ముందు పెట్టాడు. "ఊఁ, కానియ్యి."

ఆమె చేతులు కట్టుకుంది. "నేను కడగను."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "అందరూ చూస్తున్నారే" అన్నాడు పళ్ళ బిగువున.

"చూడనివ్వండి. చెయ్యి వెయ్యను."

"పోనీ కడగకపోతే ఏమవుతుందయ్యా?" అన్నాడు పెద్దాయన.

"కడగని ముక్క నా షెడ్డు గడప దాటదండీ" అని మేస్త్రి చుట్టూ చూశాడు. "పక్కింటమ్మా, నువ్వు కాస్త..."

పక్కింటావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని జనంలోంచి వెనక్కి వెనక్కి నడిచింది. "నా కాలు నాకు కావాలి నాయనా! నన్నొదిలెయ్!"

"అయితే నేనే కడుగుతాను! ఇదేమన్నా కాని పనా!" అని మేస్త్రి చొక్కా చేతులు మడిచాడు.

అప్పుడు ఆమె ప్రాణం ఊరుకోలేదు. ముందుకు వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. "కడిగితే మీకే వస్తుంది. నిన్న చెప్పాను, మళ్ళీ చెప్తున్నాను. చక్రం దాని చోట పెట్టెయ్యండి, ఇంటికి పోదాం."

మేస్త్రి చెయ్యి విడిపించుకున్నాడు. బ్రష్షు ఎటునుంచి పట్టుకోవాలో కూడా ఆయనకు చేతకాలేదు. కిరసనాయిలు మోచేతుల దాకా కార్చుకుంటూ, చక్రం పళ్ళన్నీ రుద్దాడు, గుడ్డతో తుడిచాడు. తలెత్తి గర్వంగా పెద్దాయనకు సైగ చేశాడు. పెద్దాయన స్విచ్చి పైకి నెట్టాడు.

బయట కుళాయిలోంచి నీళ్ళు భళ్ళున దూకాయి. జనం హోరెత్తారు. ఈలలు, చప్పట్లు. ఎవరో బిందె పెట్టారు. ఆ గోలలో మేస్త్రి వంక చూసింది ఆమె ఒక్కతే.

మేస్త్రి నవ్వుతున్నవాడు నవ్వుతున్నట్టే ఉన్నాడు, మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. భుజాలు రెండూ పైకి లేచి గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. ఛాతీ ఎగిసెగిసి పడుతోంది. కళ్ళు తేలేశాడు. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. నేల మీద మోకాళ్ళు పడ్డాయి, అప్పటికీ చేతులు ఆగలేదు. కుళాయి దగ్గర ఒక్కొక్క ధార పడుతుంటే ఇక్కడ ఆయన ఒక్కొక్కసారి విరుచుకుపడుతున్నాడు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. పెద్దాయన స్విచ్చి పక్కనే కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

ఆమే పరిగెత్తి, పెద్దాయన్ను ఒక్క తోపు తోసి, స్విచ్చి కిందికి లాగేసింది.

మేస్త్రి సిమెంటు నేల మీద వెల్లకిలా పడిపోయాడు. ఆమె తల ఒళ్ళోకి తీసుకుని కొంగుతో మొహం తుడిచింది. కాస్త ఊపిరి కూడగట్టుకున్నాక ఆయన అడిగాడు.

"ఎంతసేపు తిరిగింది పంపు?"

"ఒక్క బిందె కూడా నిండలేదు."

మేస్త్రి ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఊగుతున్న ఆ తలను, ఎగపీలుస్తున్న ఆ ముక్కుపుటాలను జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అటకమీద ఉన్నవీ డబ్బాల్లో ఉన్నవీ షెడ్డు వెనక ఉన్న ఇంజనూ అన్నీ ఆయనకు ఒక్కసారిగా గుర్తుకొచ్చినట్టున్నాయి. 

"నీకు ఇన్నాళ్ళూ... ఇలాగేనా?"

"ఇలాగే. బస్సుతో కలిపి."

"చెప్పొద్దటే!"

"చెప్పాను."

 మేస్త్రి మొహం ఆమె చీరలో దాచుకుని, ఊరందరి ముందూ పసివాడిలాగా ఏడ్చాడు. జనం తలలు దించుకున్నారు. నిన్నటిదాకా చూసి చూసి విస్తుపోయినవాళ్ళకు ఇప్పుడు ఏం చూడాలో తెలియలేదు. డ్రైవరు మాత్రం ఆమె మోకాళ్ళ వంక ఒకసారి చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కాస్సేపటికి మేస్త్రి లేచి స్పానర్ల సంచీ వెతుక్కున్నాడు.  "ముందు బస్సు. అదే అన్నిటికన్నా బరువు. ఇంజను ఇప్పుడే ఎక్కించేస్తాను."

"కాదు. ముందు ఫ్యాను" అంది ఆమె. "నన్ను ఊపిరి తీసుకోనివ్వండి."

అటక మీది రెక్కలు ఆయనే దించి, ఆయనే చంకన పెట్టుకుని సెలూనుకు నడిచాడు. ఊరంతా వెనకాలే వచ్చి వీధిలో నిలబడింది. మేస్త్రి స్టూలు ఎక్కి ఒక్కొక్క రెక్కే బిగించాడు. ఒక స్క్రూ చేతిలోంచి జారి పడితే మంగలీ మేస్త్రీ ఇద్దరూ నేల మీద పాకుతూ వెతికి పట్టుకున్నారు. అంతా అయ్యాక మేస్త్రి తన ఖాళీ అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఏమీ మిగల్లేదు కదా అని. మంగలి స్విచ్చి వేశాడు.

ఫ్యాను గరగరమని చప్పుడు చేస్తూ, బద్ధకంగా, అన్ని ఫ్యాన్లలాగే తిరిగింది. గాలి అంతంతమాత్రం. దాన్ని చూసి ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. అందరూ గుమ్మంలో నిలబడ్డ ఆమె వంక చూస్తున్నారు.

ఆమె కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. అది లోపలికి పోయింది. ఆమె బిగబట్టి ఉంచితే ఉంది, వదిలితే బయటికి వచ్చింది. ఇంకోసారి పీల్చింది. మూడోసారి కూడా పీల్చాక కళ్ళు తెరిచి, మొగుడి వంక చూసి, "ఇక బస్సు దగ్గరికి పదండి" అంది.